పక్క స్థలంలో గ్యాస్ స్టేషన్ ప్రతిపాదన: ప్లానింగ్ బోర్డు ముందు ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక టౌన్‌లో, మీ పెరటి కంచెను ఆనుకుని ఉన్న మూల స్థలంలో, ఒకేసారి 12 వాహనాలు ఇంధనం నింపుకునే గ్యాస్ స్టేషన్, దానితోపాటు 24 గంటలూ తెరిచి ఉండే కన్వీనియన్స్ స్టోర్ కట్టడానికి ఒక సంస్థ దరఖాస్తు చేసింది. ముందు వైపున స్టేట్ హైవే ఉంది. మీ వీధిలో ఇళ్ళన్నీ సొంత బావుల నీటి మీదే ఆధారపడి ఉన్నాయి. మరో మూడు వారాల్లో పబ్లిక్ హియరింగ్ జరగబోతోంది. మీరంతా కలిసి 400 సంతకాలు సేకరించారు. దీన్ని ఆపడం సాధ్యమేనా, ఒక్కొక్కరికి ఇచ్చే మూడు నిమిషాల్లో ఏం మాట్లాడాలి అని అడిగారు.

టౌన్ల తరఫున ఇలాంటి సైట్ ప్లాన్లను (స్థలంలో ఏది ఎక్కడ, ఎలా వస్తుందో చూపే డ్రాయింగులను) పరిశీలించే సివిల్ ఇంజనీరుగా నేను చాలాకాలం పనిచేశాను. ఆ అనుభవంతో మొదట చెప్పదలచుకున్నది ఇది: ఎంతమంది వద్దంటున్నారన్న లెక్క మీద ప్లానింగ్ బోర్డు (నిర్మాణ దరఖాస్తులను పరిశీలించే టౌన్ సంఘం) నిర్ణయం నిలబడదు. ఒప్పుకున్నా తిరస్కరించినా, అందుకు కారణాలు రాతపూర్వకంగా చూపాలి, ఆ కారణాలకు ఆధారం రికార్డులో ఉండాలి. రేపు కోర్టుకు వెళ్తే న్యాయమూర్తి చూసేది ఆ రికార్డునే. కాబట్టి మీ శ్రమంతా బోర్డు సభ్యులు తమ తీర్మానంలో ఎత్తి రాసుకోగల వాస్తవాలను వాళ్ళ చేతికి అందించడం మీద పెట్టాలి.

అన్నిటికన్నా ముందు టౌన్ జోనింగ్ కోడ్ (ఏ ప్రాంతంలో ఏ వినియోగం ఉండవచ్చో చెప్పే నిబంధనలు) తెరిచి, ఆ స్థలం ఏ జోన్‌లో ఉందో, ఆ జోన్‌లో గ్యాస్ స్టేషన్‌ను ఏ వర్గంలో చేర్చారో చూడండి. నేరుగా అనుమతించిన వినియోగమైతే బోర్డు చేతిలో ఉన్నది సైట్ ప్లాన్ సమీక్ష మాత్రమే. అక్కడ గ్యాస్ స్టేషన్ ఉండాలా వద్దా అన్న చర్చకు చోటు దాదాపు ఉండదు, ఎలా ఉండాలన్న దాని మీదే మాట్లాడాలి. స్పెషల్ యూజ్ పర్మిట్, అంటే కోడ్‌లోని ప్రమాణాలు నెరవేరితేనే ఇచ్చే ప్రత్యేక అనుమతి, కావాలని ఉంటే బోర్డుకు మరికొంత విచక్షణ దొరుకుతుంది, కానీ చాలామంది అనుకున్నంత కాదు. 1972 నాటి నార్త్ షోర్ స్టేక్ హౌస్ కేసులో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం ఈ విషయాన్ని స్పష్టం చేసింది: ఒక వినియోగాన్ని స్పెషల్ పర్మిట్ జాబితాలో చేర్చడమంటే, అది ఆ ప్రాంతపు ప్రణాళికకు పొసగుతుందని కోడ్ చేసిన స్థానిక పాలకమండలే ముందుగా తేల్చినట్టు లెక్క. అందువల్ల "మా ప్రాంతానికి ఇది తగదు" అన్న వాదన ఒక్కటే సరిపోదు. ఈ నిర్దిష్టమైన స్థలంలో, ఈ నిర్దిష్టమైన డ్రాయింగ్‌తో, కోడ్‌లో రాసిన ఫలానా ప్రమాణం నెరవేరడం లేదని చూపించాలి. ఇక ఆ జోన్‌లో గ్యాస్ స్టేషన్‌కు అసలు చోటే లేకపోతే దరఖాస్తుదారు యూజ్ వేరియన్స్ (కోడ్ ఒప్పుకోని వినియోగానికి ఇచ్చే మినహాయింపు) తెచ్చుకోవాలి, లేదా టౌన్ బోర్డు (టౌన్ పాలకమండలి) చేత జోన్‌నే మార్పించుకోవాలి. ఆ రెండూ వాళ్ళకు కష్టమైన దారులే.

మీ సంతకాల విలువ కూడా దీన్నిబట్టే మారుతుంది. సైట్ ప్లాన్ మీదా, స్పెషల్ పర్మిట్ మీదా సంతకాల పత్రానికి చట్టపరమైన బలం ఏమీ లేదు. ఊళ్ళో ఆందోళన ఉందని తెలియజేస్తుంది, అంతే. జోన్ మార్పు కోరినప్పుడు మాత్రం టౌన్ లా 265వ సెక్షన్ ప్రకారం, మార్చబోయే స్థలానికి ఆనుకుని 100 అడుగుల లోపు ఉన్న భూమిలో కనీసం 20 శాతానికి యజమానులైనవారు సంతకం చేసి నిరసన దాఖలు చేస్తే, టౌన్ బోర్డులో నాలుగింట మూడు వంతుల ఓట్లు వస్తే తప్ప ఆ మార్పు చెల్లదు. అక్కడ ఊరంతటి 400 సంతకాలకన్నా సరిహద్దు పంచుకున్న నలుగురైదుగురి సంతకాలే ఎక్కువ పనిచేయవచ్చు. మీ కేసు ఏ కోవకు చెందుతుందో తెలుసుకోకుండా గుమ్మం గుమ్మం తిరిగి శ్రమపడవద్దు.

తర్వాతి విషయం సమయం. చాలా వీధులవాళ్ళు హియరింగ్ రోజే మొదటిసారి నోరు విప్పుతారు, అప్పటికి అసలైన మలుపు దాటిపోయి ఉంటుంది. న్యూయార్క్‌లో 1975లో వచ్చిన స్టేట్ ఎన్విరాన్‌మెంటల్ క్వాలిటీ రివ్యూ యాక్ట్, వాడుకలో సీక్రా, ప్రకారం ఆ ప్రాజెక్టు పర్యావరణానికి గణనీయమైన హాని చేసే అవకాశం ఉందా లేదా అన్నది లీడ్ ఏజెన్సీ, అంటే సాధారణంగా ప్లానింగ్ బోర్డే, ముందుగా తేల్చాలి. ఉందని తేలిస్తే పాజిటివ్ డిక్లరేషన్ ఇచ్చి, పూర్తి స్థాయి పర్యావరణ ప్రభావ నివేదిక అడుగుతుంది. లేదని తేలిస్తే నెగెటివ్ డిక్లరేషన్‌తో ఆ అధ్యాయం ముగుస్తుంది. ఆ నిర్ణయానికి ముందు నీటి గురించి, ట్రాఫిక్ గురించి మీ లేఖలు ఫైల్లో చేరితే, బోర్డు వాటిని నిశితంగా పరిశీలించి కారణాలు రాయక తప్పదు. చేరకపోతే దరఖాస్తుదారు నింపిచ్చిన పర్యావరణ ఫారమే ఏకైక ఆధారంగా మిగులుతుంది. కనుక ఈ వారమే టౌన్ క్లర్కును అడిగి నెగెటివ్ డిక్లరేషన్ ఇచ్చారో లేదో కనుక్కోండి. ఇచ్చి ఉన్నా దారి పూర్తిగా మూసుకుపోలేదు. గణనీయమైన హాని జరగవచ్చని చూపే కొత్త సమాచారం తుది నిర్ణయానికి ముందు వస్తే దాన్ని రద్దు చేసుకోవలసిన బాధ్యత లీడ్ ఏజెన్సీ మీద ఉంటుంది.

కౌంటీని కూడా మరవకండి. స్థలం స్టేట్ లేదా కౌంటీ రోడ్డుకు 500 అడుగుల లోపు ఉంటే, జనరల్ మునిసిపల్ లా 239-ఎం సెక్షన్ ప్రకారం దరఖాస్తు పూర్తి ప్రతిని కౌంటీ ప్లానింగ్ విభాగానికి పంపి తీరాలి. మీ విషయంలో స్టేట్ హైవే ఎదురుగానే ఉంది కాబట్టి ఇది వర్తిస్తుంది. కౌంటీ వద్దన్నా, మార్పులు సూచించినా, వాటికి విరుద్ధంగా నిర్ణయించాలంటే ప్లానింగ్ బోర్డుకు మొత్తం సభ్యుల్లో సగానికి మించిన మామూలు మెజారిటీ చాలదు, దానికి ఇంకొక ఓటు కలవాలి. పంపడమే మరిచిపోతే ఆ ఆమోదం కోర్టులో నిలవదు. ప్లానర్ దగ్గర అడిగి కౌంటీ జవాబు ప్రతి తీసుకోండి.

ఇప్పుడు నీటి గురించి. మీ కేసులో అన్నిటికన్నా బరువైన అంశం ఇదేనని నా అభిప్రాయం. గ్యాసొలిన్ నీటికన్నా తేలిక కాబట్టి భూగర్భ జలం మీద పొరగా తేలుతుంది, కానీ అందులోని బెంజీన్ వంటి పదార్థాలు నీటిలో కరిగి దానితోపాటు ప్రయాణిస్తాయి. తాగునీటిలో బెంజీన్‌కు ఫెడరల్ గరిష్ఠ పరిమితి బిలియన్‌కు 5 పాళ్ళు మాత్రమే. గ్యాసొలిన్‌లో కలిపిన ఎమ్‌టీబీఈ అనే రసాయనం భూమిలోకి చేరి, 1996లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నగరం తన బావుల్లో చాలావాటిని మూసుకోవలసి వచ్చింది. న్యూయార్క్ 2004 నుంచి దాన్ని నిషేధించింది. ఊరి సరఫరా నీటిని పరీక్షించే బాధ్యత చట్టం సరఫరాదారు మీద పెట్టింది. సొంత బావులకు ఫెడరల్ తాగునీటి చట్టం వర్తించదు. మీ బావిలో ఏముందో పరీక్షించి చూపేవాళ్ళు ఎవరూ లేరన్న మాట బోర్డుకు గట్టిగా వినిపించాలి.

అయితే "ట్యాంకులు కారతాయి" అని ఊరికే అంటే దరఖాస్తుదారు ఇంజనీరు తేలిగ్గా తిప్పికొడతాడు. కొత్త ట్యాంకులు పాతవాటిలాంటివి కావు. ఫెడరల్ నిబంధనలు 1988లో మొదలయ్యాయి, 2015లో సవరించారు. 2016 ఏప్రిల్ 11 తర్వాత అమర్చే ట్యాంకులకూ పైపులకూ రెండు గోడలు, ఆ రెండు గోడల మధ్య ఖాళీని కనీసం 30 రోజులకొకసారి గమనించే ఏర్పాటు తప్పనిసరి. డిస్పెన్సర్ల (వాహనాలకు ఇంధనం నింపే పంపుల) కింద కూడా ద్రవాన్ని పట్టి ఉంచే తొట్టెలు ఉండాలి. పాత పద్ధతిలో నెలకొకసారి జరిగే ట్యాంక్ పరీక్ష గంటకు 0.2 గ్యాలన్ కారడాన్ని పట్టుకోగలిగితే చాలు, అంటే అంతకు కాస్త తక్కువగా కారుతున్న ట్యాంకు నెలకు 140 గ్యాలన్ల వరకూ భూమిలోకి వదిలినా పరీక్షలో నెగ్గేది. రెండు గోడలు ఎందుకు కావాలో ఆ లెక్కే చెబుతుంది. కాబట్టి ఈ చట్టపు రక్షణలను ఒప్పుకుంటూనే, అవి అందుకోని చోట్లను చూపండి.

అలాంటి చోట్లు ఉన్నాయి. నేలలోకి చేరే ఇంధనంలో గణనీయమైన భాగం ట్యాంకు గోడ నుంచి కాక, ట్యాంకర్ గొట్టం బిగించే దగ్గర, డిస్పెన్సర్ కింద, వాహనాలు నింపుకునేటప్పుడు చిందే చుక్కల నుంచి వస్తుంది. అందుకని గ్రేడింగ్ డ్రాయింగ్ (నేల ఎత్తుపల్లాలు చూపేది) తెప్పించుకుని, కెనపీ (పంపుల మీది పైకప్పు) కింద నేల కాంక్రీటుదా, తారుదా, అక్కడ పడ్డ వాన నీరు ఎటు పారుతుంది, ట్యాంకులు నింపే మూతలు కెనపీ బయట ఉన్నాయా అన్నవి చూడండి. గ్యాస్ స్టేషన్లను వాన నీటి కాలుష్యం అధికంగా ఉండే చోట్లుగానే పరిగణిస్తారు, కనుక ఆ నీటిని శుద్ధి చేయకుండా నేలలోకి ఇంకించే గుంట మీ బావుల వైపు గీసి ఉంటే, ఆ ఒక్క డ్రాయింగ్ షీటు నంబరు మీ మూడు నిమిషాలకు చాలు. ఆపై బోర్డును అడగవలసినవి ఇవి: చుట్టుపక్కల బావులన్నిటికీ నిర్మాణం మొదలవకముందే దరఖాస్తుదారు ఖర్చుతో బెంజీన్ తదితర రసాయనాల పరీక్ష చేయించి ఫలితాలు నమోదు చేయాలి, స్థలం అంచుల్లో పర్యవేక్షణ బావులు తవ్వించి, వాటి నివేదికలు క్రమం తప్పకుండా టౌన్‌కు అందించాలి, భూగర్భ జలం ఏ దిక్కుగా కదులుతోందో ఒక హైడ్రోజియాలజిస్టు చేత తేల్చాలి. మొదటి పరీక్ష లేకపోతే, పదేళ్ళ తర్వాత ఏదైనా బయటపడ్డప్పుడు అది ఎప్పటిదో ఎవరిదో నిరూపించడం మీవల్ల కాదు. మిగతా కోరికలన్నీ వదులుకున్నా దీన్ని మాత్రం వదలవద్దు.

ఈ పరిశీలనకు నిపుణులను పెట్టుకునే స్తోమత మీకు ఉండకపోవచ్చు. చాలా టౌన్ల కోడ్‌లో దరఖాస్తుదారు ఖర్చుల కోసం ముందుగా టౌన్ దగ్గర జమచేసే ఎస్క్రో డబ్బుతో టౌన్ తన సొంత సలహాదారులను నియమించుకునే వీలుంది. "మా కోసం హైడ్రోజియాలజిస్టును పెట్టండి" అనకుండా, "బోర్డు తన కోసం ఒకరిని నియమించుకోవాలి" అని అడగండి. సభ్యులకు ఆ మాట ఒప్పుకోవడం సులువు.

ట్రాఫిక్ అధ్యయనాన్ని చదివేటప్పుడు ఒక పదం దగ్గర ఆగాలి: పాస్-బై ట్రిప్పులు. ఎలాగూ ఆ హైవే మీద పోతున్న కార్లే గ్యాస్ కోసం లోపలికి తిరుగుతాయి కనుక, వచ్చే వాహనాల్లో సగానికి పైగా కొత్తవి కావని అధ్యయనం తీసివేస్తుంది. ఇది ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజనీర్ల సంస్థ ప్రచురించే ప్రామాణిక గణాంకాల ఆధారంగా చేసే సరైన లెక్కే, అందులో మోసం లేదు. కానీ ఆ తీసివేత హైవే మీది మొత్తం రద్దీకి మాత్రమే వర్తిస్తుంది. లోపలికి వచ్చే దారి దగ్గర ప్రతి కారూ మలుపు తిరిగే తీరుతుంది, ఎడమకు తిరిగేది ఎదురు వరుస ఖాళీ అయ్యేదాకా ఆగే తీరుతుంది. డ్రైవ్‌వే దగ్గర లెక్కలో పాస్-బై ట్రిప్పులను తీసివేశారా, చేర్చారా అని సూటిగా అడగండి. వాహనాలను లెక్కించింది పాఠశాలలు నడుస్తున్న రోజుల్లోనా, సెలవుల్లోనా అన్నది కూడా నివేదిక అనుబంధంలో తేదీ చూస్తే తెలుస్తుంది.

చూపు దూరం మీరే కొలవగలరు. గంటకు 40 మైళ్ళ వేగానికి, ఆగి ఎడమకు తిరిగి రోడ్డెక్కే కారుకు కావలసిన చూపు దూరం జాతీయ హైవే ప్రమాణాల ప్రకారం 445 అడుగులు. డ్రైవర్ కన్ను నేలకు మూడున్నర అడుగుల ఎత్తున, రోడ్డు అంచుకు 14.5 అడుగుల వెనక ఉన్నట్టు లెక్కవేస్తారు. హైవేకు ఇవతల, ప్రైవేటు స్థలంలో అడుగు పెట్టకుండా, ఒక టేపు, ఒక కెమెరా తీసుకుని ప్రతిపాదిత డ్రైవ్‌వే ఎదుట మిట్టగానీ మలుపుగానీ చూపును ఎక్కడ మింగేస్తుందో ఫొటోలు తీయండి. అధ్యయనం రోడ్డు పక్క బోర్డు మీద రాసిన వేగ పరిమితిని తీసుకుందా, వాహనాలు నిజంగా పోతున్న వేగాన్ని తీసుకుందా అన్నది కూడా అడగవలసిందే. ఆపై, ఇంధన ట్యాంకర్ లోపలికి వచ్చి, ఖాళీ చేసి, వెనక్కి నడపకుండా బయటికి పోయే దారి డ్రాయింగ్‌లో గీసి ఉండాలి. ఆ గీత పార్కింగ్ గడుల మీదుగా పోతుంటే ట్యాంకర్ వచ్చిన ప్రతిసారీ కార్లు హైవే మీద ఆగుతాయని అర్థం. డ్రైవ్‌వేకు రాష్ట్ర రవాణా శాఖ పర్మిట్ వేరే కావాలి, ఆ శాఖకు కూడా మీ లేఖ ప్రతి పంపండి.

గాలి విషయంలో కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు 2005లో ఇచ్చిన మార్గదర్శకం పనికొస్తుంది. ఏడాదికి 36 లక్షల గ్యాలన్లు, అంతకు మించి అమ్మే స్టేషన్‌కు 300 అడుగుల లోపు, సాధారణ స్టేషన్‌కు 50 అడుగుల లోపు ఇళ్ళు, పాఠశాలలు వంటివి కొత్తగా పెట్టవద్దని అది సూచించింది. న్యూయార్క్‌లో అది చట్టం కాదు, పైగా అది రాసింది స్టేషన్ పక్కకు వచ్చే ఇళ్ళ గురించి. అయినా ఒక రాష్ట్ర సంస్థ దూరానికి అంకె చూపింది కాబట్టి, ఏడాదికి ఎన్ని గ్యాలన్లు అమ్మబోతున్నారో చెప్పమనడానికీ, ట్యాంకుల ఆవిరి బయటికి వదిలే వెంట్ పైపులను మీ కంచెకు దూరంగా, హైవే వైపుకు జరపమనడానికీ అది మంచి ఆసరా.

వెలుతురు, శబ్దం విషయాల్లో బోర్డులు సాధారణంగా పొరుగువాళ్ళ పక్షానే ఉంటాయి, అడిగేవాళ్ళుంటే. ఫొటోమెట్రిక్ ప్లాన్ అనే షీటులో మీ సరిహద్దు గీత వెంట ఫుట్-క్యాండిళ్ళలో (వెలుతురును కొలిచే ప్రమాణం) అంకెలు ఉంటాయి. నిండు పున్నమి వెన్నెల సుమారు 0.01 నుంచి 0.03 ఫుట్-క్యాండిళ్ళు మాత్రమే. మీ కంచె దగ్గర 0.5 అని ఉంటే పడకగదిలో తేడా ఎంత ఉంటుందో బోర్డుకు అలా చెప్పండి. కెనపీ దీపాలు పైకప్పులోకి పూర్తిగా ఒదిగి ఉండాలనీ, రంగు ఉష్ణోగ్రత (వెలుగు పసుపుగా ఉందో నీలంగా ఉందో చెప్పే కొలత) 3000 కెల్విన్ దాటకూడదనీ, స్టోర్ మూసిన వేళల్లో తగ్గించాలనీ కోరవచ్చు. కొత్త స్టేషన్లలో పంపుల మీద వీడియో తెరలు మాట్లాడుతూనే ఉంటాయి. స్పీకర్లు ఉండకూడదన్నది న్యాయమైన షరతు. ట్యాంకర్లూ చెత్త బండ్లూ ఉదయం 7కు ముందూ రాత్రి 10 తర్వాతా రాకూడదని కోరండి. 24 గంటల వ్యాపారం మీద నా సలహా ఏమిటంటే, రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు మూసి ఉంచాలని అడగండి, కారణంగా ఇళ్ళ దూరాన్నీ శబ్దాన్నీ చూపండి, అమ్మే సరుకు ఊసెత్తకండి. మద్యం లైసెన్సు ప్లానింగ్ బోర్డు పరిధిలోది కాదు.

మాట్లాడకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. ఇళ్ళ ధరలు పడిపోతాయని చాలామంది మొదలుపెడతారు. అప్రైజర్ (ఆస్తి విలువ కట్టే నిపుణుడు) నివేదిక లేకుండా ఆ మాటకు బరువు లేదు. "ఈ రోడ్డు మీద ఇప్పటికే రెండు స్టేషన్లున్నాయి, మూడోది ఎందుకు" అన్నది వ్యాపార పోటీ వాదన, జోనింగ్ చట్టం దాన్ని పట్టించుకోదు. 1987 నాటి సన్-బ్రైట్ కార్ వాష్ కేసులో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం పోటీ భయం ఒక్కదానితో కేసు వేసే అర్హత రాదనీ, దగ్గరి పొరుగువాళ్ళకు మాత్రం నష్టాన్ని విడిగా నిరూపించకపోయినా ఆ అర్హత ఉందని భావించవచ్చనీ చెప్పింది. పక్క స్టేషన్ యజమాని మీ లాయరు ఖర్చు భరిస్తానని ముందుకొస్తే ఆ సాయం తీసుకోవద్దనే నేనంటాను. అసలు ఫిర్యాదు ఎవరిదన్న అనుమానం మీ నిజమైన నీటి భయాన్ని కూడా పలుచన చేస్తుంది. దరఖాస్తుదారు ఎవరు, ఎక్కడివాడు, అక్కడికి ఎలాంటి మనుషులు వస్తారు అన్న మాటలు ఎవరి నోటా రానివ్వకండి. అవి తప్పు, పైగా ఆ ఒక్క వాక్యాన్నే దరఖాస్తుదారు లాయరు కోర్టులో చదివి వినిపిస్తాడు.

హియరింగ్‌లో అందరూ అన్నీ చెప్పబోతే ఏదీ నిలవదు. ఒకరు బావుల గురించి, ఒకరు డ్రైవ్‌వే గురించి, ఒకరు దీపాల గురించి పంచుకుని, తలా ఒక డ్రాయింగ్ షీటును పేరు పెట్టి చూపి, చివర ఒక నిర్దిష్టమైన షరతును కోరండి. అదంతా సంతకంతో, తేదీతో లేఖగా కూడా ఇవ్వండి. ఓపెన్ మీటింగ్స్ చట్టం ప్రకారం సమావేశంలో చర్చించే పత్రాలను వీలైనంత వరకు కనీసం 24 గంటల ముందు అందుబాటులో ఉంచాలి, కాబట్టి ముందురోజు మళ్ళీ టౌన్ వెబ్‌సైటు చూడండి. చివరి నిమిషంలో డ్రాయింగ్ మారితే, దాన్ని చదివే సమయం కావాలి, హియరింగ్ ముగించవద్దని అడిగే కారణం అక్కడ దొరుకుతుంది.

ఇక ఆపగలమా అన్న మీ మొదటి ప్రశ్న. స్పెషల్ పర్మిట్ జోన్‌లో, సరైన చూపు దూరం ఉన్న చోట, పూర్తి తిరస్కరణ అరుదు. ఇంధనం నింపుకునే స్థానాలు 12 నుంచి 8కి తగ్గడం, ట్యాంకుల చోటు మారడం, మీ కంచె వైపు 50 అడుగుల చెట్ల వరుస రావడం, రాత్రి వేళ మూయడం వంటివి సాధ్యం. వాటిని తక్కువగా అంచనా వేయకండి. ముప్ఫై ఏళ్ళు మీరు వాటి పక్కనే ఉంటారు. స్టేషన్ మూతపడితే ట్యాంకులు తవ్వి తీయడానికి బాండు కట్టించాలన్న షరతు కూడా ఈ దశలోనే రాయించుకోవాలి, తర్వాత ఎవరూ రాయరు.

న్యూయార్క్ టౌన్ చట్టం ప్రకారం హియరింగ్ ముగిసిన 62 రోజుల్లో బోర్డు నిర్ణయించాలి, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే తప్ప. నిర్ణయం టౌన్ క్లర్కు దగ్గర దాఖలైన రోజు నుంచి ఆర్టికల్ 78 (ప్రభుత్వ సంస్థల నిర్ణయాలను సవాలు చేసే న్యూయార్క్ చట్ట విధానం) కింద కోర్టుకు వెళ్ళడానికి 30 రోజులే గడువు. బోర్డు ఓటు వేసిన తేదీ, దాఖలైన తేదీ వేర్వేరుగా ఉండవచ్చు, కాబట్టి ఓటు పడిన మర్నాటి నుంచే క్లర్కు కార్యాలయంలో అడుగుతూ ఉండండి. లాయరును మాత్రం అప్పటిదాకా ఆగకుండా, హియరింగ్‌కు ముందే ఒకసారి కలిసి, మీ ఫైల్లో ఏది తక్కువైందో అడగండి, ఎందుకంటే రికార్డు ముగిశాక కొత్త కాగితాన్ని కోర్టు చూడదు.